పూసల పట్టీ ఎవరు వెయ్యమన్నారంటే

అధ్యక్షులు సంజీవ్ గారికి, ముఖ్య అతిథిగా విచ్చేసిన మా మేనేజరు ఖమరుద్దీన్ సాబ్‌కి, వేదిక మీదున్న పెద్దలకి, ఆరాధన కాగానే ఇంటికి కూడా వెళ్లకుండా తిన్నగా ఈ అజైబా హాలుకి వచ్చేసిన మా చర్చి కుటుంబాలకి, వారానికి ఒక్కసారి దొరికే శుక్రవారం నిద్ర పాడుచేసుకుని అల్ హైల్ నుంచి రెండు బస్సుల్లో వచ్చిన మా వర్క్‌షాపు తమ్ముళ్లకి, వచ్చీ రాగానే బిర్యానీ బల్ల పక్క కుర్చీలు చూసుకున్న ముందుచూపు గల మిత్రులకి, రెండో వరసలో కూర్చుని రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తున్న మా ఆవిడ కృపావతికి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇప్పటిదాకా ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ నన్ను పొగిడారు. ఎనిమిదో మనిషి కూడా లేచి ఉంటే, ఎవరండీ ఈ యెహెజ్కేలు గారు, ఆయన్ని నాకోసారి పరిచయం చెయ్యండి అని నేనే అడిగేవాణ్ణి. సంజీవ్ గారు గొంతు సవరించుకుని మరీ చదివిన ఈ సన్మాన పత్రంలో నేను ‘శ్రామిక బాంధవుణ్ణి’, ‘నిష్కళంక చరితుణ్ణి’, ఇదిగో మూడో పేరాలో ‘సత్యమే ఊపిరిగా జీవించినవాణ్ణి’. దీనికి లామినేషన్ కూడా చేయించారు, చెమట పడినా అక్షరం చెరగదట. మంచి ఆలోచన. ఏసీ పద్దెనిమిది మీద ఉన్నా నాకు ఇందాకటి నుంచీ చెమట పడుతూనే ఉంది.

సంజీవ్ గారి గురించి రెండు మాటలు చెప్పకపోతే మర్యాద కాదు. పదకొండేళ్లుగా మన తెలుగు మిత్రమండలికి ఆయనే అధ్యక్షులు. ప్రతి ఏడూ ఎన్నిక జరుగుతుంది, పోటీ మాత్రం జరగదు. పోటీ చేస్తామని ఎవరైనా అంటే ఆయన వెంటనే వాళ్లని ఉపాధ్యక్షులుగా వేసేస్తారు. వేదిక మీద ఎంతమంది ఉపాధ్యక్షులు ఉన్నారో లెక్కపెట్టుకుంటే మన ప్రజాస్వామ్యం ఎంత ఆరోగ్యంగా ఉందో మీకే తెలుస్తుంది. (నవ్వులు, చప్పట్లు)

నా సంగతికి వస్తాను. మాది నరసాపురం దగ్గర. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఈ మస్కట్‌కి వచ్చాను. మా కంపెనీ ఏం చేస్తుందో కొత్తవాళ్ల కోసం చెప్తాను. ఎక్కడ ఎగ్జిబిషన్ పెట్టినా దానికి గోడలు కట్టేది మేము, అద్దాల పెట్టెలు చేసేది మేము, లైట్లు బిగించేది మేము. వస్తువు పక్కన చిన్న బోర్డు మీద నాలుగు ముక్కలు రాసి ఉంటాయి చూశారా, వాటిని వంకర లేకుండా అంటించేది కూడా మేమే. నేను సూపర్‌వైజర్ని గనక ప్రతి బోర్డూ చదివి, తలకిందులుగా లేదని చూసి సంతకం పెట్టాలి. నా చదువంతా అలా వచ్చినదే. ఈజిప్టు మమ్మీల మీద, అరబ్బు గుర్రాల మీద, జపాను టీ కప్పుల మీద, దేని మీదైనా సరే నాకు నూట ఇరవై మాటల జ్ఞానం ఉంది. నూట ఇరవై ఒకటో మాట అడగొద్దు. బోర్డు మీద అంతకంటే పట్టదు.

వీడ్కోలు సభ కదా, యెహెజ్కేలు గారు ఇప్పుడు మస్కట్‌లో దిగిన మొదటిరోజు గురించి చెప్తాడు, ఉప్పుచేపల గురించి చెప్తాడు, కొంచెం ఏడుస్తాడు, అప్పుడు భోజనాలకి లేవొచ్చు అని మీరు అనుకుంటున్నారు. క్షమించండి. నేను అమెరికా ఆదివాసుల కళ గురించీ వాళ్ల రాజకీయ ఆలోచన గురించీ మాట్లాడదామని నిశ్చయించుకున్నాను. (నవ్వులు) సంజీవ్ గారు గడియారం చూసుకుంటున్నారు. చూసుకోండి సార్, పదకొండేళ్లుగా మీరు మాట్లాడుతుంటే మేం చూసుకున్నదే.

రెండు నెలల కిందట ఇక్కడ ఒక ప్రైవేటు గ్యాలరీలో ఆ ఎగ్జిబిషన్ పెట్టారు. నలభై ఒక్క చెక్కపెట్టెల్లో వస్తువులు వచ్చాయి. మొదటి పెట్టె తెరిస్తే అందులో ఒక పీట. అమెజాను అడవిలో ఒక తెగ పెద్ద కూర్చునే పీట అది, తాబేలు ఆకారంలో ఉంది, జానెడు ఎత్తు కూడా లేదు. మా వడ్రంగి భూమయ్య, జగిత్యాల పక్కనుంచి వచ్చి పదిహేడేళ్లుగా మాతో పనిచేస్తున్నాడు, దాని కింద అరచెయ్యి పెట్టి మెల్లిగా రుద్ది చూశాడు. “అతుకు లేదు సార్. ఒక్కటే మొద్దు. ఉలి తోటి ఎంత ఓపికగ తీసిండ్రో సూడు” అన్నాడు. ఆ తరవాత, “పెద్దమనిషికి పీటనా సార్? మా దిక్కు పటేలుకు కుర్సీ, మిగిలినోల్లకు నేల” అన్నాడు. నేను బోర్డు చదివి చెప్పాను. ఆ తెగలో పెద్దకి హుకుం చేసే అధికారం ఉండదట. ఆయనకి ఉన్నవి రెండే పనులు. ఎవరు ఏం అడిగినా తన దగ్గరున్నది ఇచ్చెయ్యటం, రోజూ నిలబడి ప్రసంగం చెయ్యటం. ఆ ప్రసంగం వినాలని మాత్రం ఎవరికీ రూలు లేదు. ఆయన చెప్తూ ఉంటే వీళ్లు వల అల్లుకుంటూ, పేలు చూసుకుంటూ, తమలో తాము కబుర్లు చెప్పుకుంటూ ఉంటారట. నాకు వెంటనే మన మిత్రమండలి గుర్తొచ్చింది. (పెద్దగా నవ్వులు) కాకపోతే వాళ్ల పెద్ద అజమాయిషీకి దిగితే జనం మూటాముల్లే సర్దుకుని ఇంకో వాగు ఒడ్డుకి వెళ్లిపోతారట. మనకి ఆ వసతి లేదు. మన వీసా మనల్ని ఒకే వాగు ఒడ్డున కట్టేస్తుంది.

ఇంకో పెట్టెలో జింక కొమ్ములతో చేసిన తలపాగా. ఇది అమెజానుది కాదు, ఉత్తర అమెరికాలో హోదెనోషోనీ అని ఆరు జాతుల కూటమి ఉంది, వాళ్లది. మనం కోపం వస్తే, ఆయనకేమన్నా కొమ్ములున్నాయా అంటాం చూశారా, వాళ్ల నాయకుడికి నిజంగానే ఉంటాయి. అవి పెట్టేది ఎవరనుకున్నారు? ఆడవాళ్లు. ప్రతి వంశానికీ ఒక పెద్దతల్లి ఉంటుంది. నాయకుణ్ణి ఎంచేది ఆమె. అతను దారి తప్పితే వచ్చి హెచ్చరించేదీ ఆమే. ఒకసారి చెప్తుంది, రెండోసారి చెప్తుంది, మూడోసారి కూడా వినకపోతే కొమ్ములు తీసేస్తుంది. మళ్లీ ఎన్నికలనీ కోర్టు వాయిదాలనీ ఏమీ లేవు. ఈ మాట నేను రాత్రి భోజనం దగ్గర ఇంట్లో చెప్పాను. చెప్పి ఉండాల్సింది కాదు. కృపావతి ముప్ఫై ఏళ్లు హాస్పిటల్లో నర్సుగా పనిచేసిన మనిషి, ఏ సమాచారం ఎప్పుడు పనికొస్తుందో ఆమెకి తెలుసు. (నవ్వులు)

ఆ కూటమి నుంచే ఒక పెద్దావిడ కూడా వస్తువులతో పాటు వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. తన పేరు పలకటానికి మేం అవస్థ పడుతుంటే చూసి నవ్వి, ఆంటీ అనండి చాలు అంది. అది మనకి వెన్నతో పెట్టిన విద్య కదా, మా వర్క్‌షాపు మొత్తం ఆవిడని ఆంటీ అనేసింది. ఆవిడ ఒక పూసల పట్టీ తీసుకొచ్చింది. నా నిలువులో మూడొంతులు ఉంటుంది పొడవు. గవ్వల్లాంటి సముద్రపు చిప్పల్ని అరగదీసి చేసిన పూసలు, తెలుపు నేల మీద ఊదారంగు చారలు రెండు, ఆ చివర నుంచి ఈ చివర దాకా పక్కపక్కనే నడుస్తాయి. ఎక్కడా కలవవు, ఎక్కడా ఒకదాన్నొకటి అడ్డుకోవు. పాత పట్టీ నమూనాగా ఆవిడా ఆవిడ మేనకోడళ్లూ కలిసి అల్లినది అది.

దీని కథ ఆవిడ చెప్పింది, నేను భూమయ్యకీ మిగతావాళ్లకీ తెలుగులో చెప్పాను. నాలుగు వందల ఏళ్ల కిందట డచ్చివాళ్లు ఓడల్లో వస్తే, వాళ్లతో చేసుకున్న ఒప్పందం గుర్తు ఇది అని వాళ్ల పెద్దలు చెప్పుకుంటారట. ఒక చార వీళ్ల పడవ, రెండో చార వాళ్ల ఓడ. ఒకే నదిలో పక్కపక్కన వెళ్దాం, నీ చుక్కాని నేను పట్టుకోను, నా చుక్కాని నువ్వు పట్టుకోకు. అంతే ఒప్పందం. సంతకాలు లేవు, స్టాంపు కాగితం లేదు. ఈ పట్టీని రెండు చేతుల మీద పట్టుకుని, అందరి ముందూ నిలబడి, ఆ మాట మళ్లీ మళ్లీ గట్టిగా చెప్పుకుంటూ ఉండాలట. విన్నవాళ్లందరూ సాక్షులు. మనం కళ అంటే గోడకి తగిలించేది అనుకుంటాం, రాజకీయం అంటే మైకు పట్టుకుని చేసేది అనుకుంటాం. వాళ్లకి ఆ రెండూ ఒకటే పని. ఆంటీ మాకు ఒకటే జాగ్రత్త చెప్పింది, దీన్ని బెల్టు అంటారు గానీ ఇది నడుముకీ కాదు, మెడకీ కాదు, ఇది మాట, రెండు చేతులతో పట్టుకోండి అని. భూమయ్య ఆ రోజు నుంచీ గోళ్లు కత్తిరించుకుని, తెల్ల గ్లౌజులు వేసుకుని గానీ దాని దగ్గరికి వెళ్లలేదు.

రెండు పడవల మాట వినగానే మా తమ్ముళ్లు నవ్వారు. కంపెనీ ఒక పడవ, మన రూమ్ ఒక పడవ సార్, గని చుక్కాని మాత్రం ఒక్క పడవలనే ఉన్నది అన్నాడొకడు. ఖమరుద్దీన్ సాబ్, పేరు చెప్పను, మీరు అడగొద్దు. (నవ్వులు)

సరే, ఇక ఇక్కడి నుంచి నవ్వటానికి పెద్దగా ఏమీ లేదు. కొంచెం మంచినీళ్లు ఇవ్వండి.

(నీళ్లు తాగారు)

ప్రారంభోత్సవం రోజు. గ్యాలరీ యజమాని వచ్చేశారు, కెమెరాలు వచ్చేశాయి, పువ్వులు వచ్చేశాయి. శాలువా రాలేదు. మన తెలుగువాళ్లం ఏ పని తలపెట్టినా ఎవరో ఒకరికి శాలువా కప్పనిదే మనకి నిద్ర పట్టదు గదా. గ్యాలరీ యజమానికి ఆ గౌరవం మన కంపెనీ తరపున ఇవ్వాలని, ఈ ఆలోచన కూడా నాదే, నేను స్వయంగా శాలువా కొని అల్ హైల్‌లో నా బల్ల మీద భద్రంగా పెట్టి వచ్చాను. సరిగ్గా ఆ వేళకి అద్దంపెట్టెలో లైటు సరిచేస్తున్నారని పూసల పట్టీని బయటికి తీసి బల్ల మీద గుడ్డ పరిచి ఉంచారు. భూమయ్య పక్కన కాపలా ఉన్నాడు. ఆంటీ ఇంకో గదిలో ఎవరితోనో మాట్లాడుతోంది. పొడుగ్గా ఉంది, మెరుస్తోంది, బరువుగా ఉంది. నా కంటికి అది శాలువాలాగే కనబడింది. ఇరవై ఎనిమిదేళ్లు బోర్డులు చదివిన కన్ను ఇది.

“అదిగో, అది వెయ్యి ఆయనకి” అన్నాను. భూమయ్య వేశాడు. యజమాని మురిసిపోయారు, అందరూ చప్పట్లు కొట్టారు, కెమెరాలు మెరిశాయి. ఆయన ఉత్సాహంగా చెయ్యెత్తి అందరికీ అభివాదం చేశారు. అప్పుడు దారం తెగింది. చలవరాతి నేల మీద పూసలు రాలిన చప్పుడు మీకెలా చెప్పాలో నాకు తెలియదు. ఊదారంగు పూసలు కుర్చీల కిందికీ, వచ్చినవాళ్ల బూట్ల మధ్యకీ దొర్లిపోయాయి.

ఆంటీ వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అక్కడే నేల మీద కూర్చుని ఒక్కొక్క పూసా ఏరి ఒళ్లో వేసుకుంది. భూమయ్య కూడా మోకాళ్ల మీద పడి ఏరుతున్నాడు. ఏరుతూనే తలెత్తి అతన్ని ఇంగ్లీషులో అడిగింది, ఇది ఎవరు చెయ్యమన్నారు అని. అతనికి ఇంగ్లీషు రాదు. నా మొహం చూసి, “ఏమంటున్నది సార్?” అన్నాడు. ఆ ఇద్దరి మధ్యా దుబాసీని నేనే. “ఏం లేదు, జాగ్రత్తగా ఏరమంటోంది” అని అతనికి చెప్పాను. ఆవిడవైపు తిరిగి, పొరపాటున అలా జరిగిపోయిందమ్మా, ఇతనికి తెలియదు అని ఇంగ్లీషులో చెప్పాను. రెండు భాషల్లో రెండు అబద్ధాలు, ఒక్క నిమిషంలో. సన్మాన పత్రంలో మూడో పేరా ఒకసారి చూసుకోండి.

మర్నాడు ఆఫీసులో ఒక ఫారం ఇచ్చారు. అందులో, వస్తువుని ఎవరు ముట్టుకున్నారు అని ఒక గడి ఉంది. ఎవరు ముట్టుకోమన్నారు అని గడి లేదు. లేని గడిలో రాయటం మన పద్ధతి కాదు కదా. ఉన్న గడిలో భూమయ్య అని గుండ్రంగా రాసి, అజాగ్రత్త అని కారణం రాసి, కింద సూపర్‌వైజర్‌గా సంతకం పెట్టాను. ఖమరుద్దీన్ సాబ్ తప్పు ఇందులో ఏమీ లేదు, ఆయన ముందుకి వచ్చిన కాగితం అది ఒక్కటే. నెల తిరక్కుండా భూమయ్యని ఇంటికి పంపెయ్యాలని నిర్ణయమైపోయింది. వచ్చే బుధవారం అతని విమానం.

ఆంటీ, ఆవిడకి తోడుగా వచ్చిన మేనకోడలు కలిసి మూడు రోజులు ఆ గ్యాలరీలోనే కూర్చుని పట్టీని మళ్లీ అల్లుకున్నారు. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని థాంక్స్ కూడా చెప్పింది, నువ్వు చాలా సాయం చేశావు అని. ఆవిడ వెటకారంగా అని ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

భూమయ్య మాత్రం నాతో మాటలు మానేశాడు. చెప్పిన పని చేస్తాడు, సార్ అంటాడు, అంతకుమించి ఒక్క మాట లేదు. పదిహేను రోజుల కిందట వర్క్‌షాపు వెనక ఇంటికి ఫోన్ చేస్తుంటే నా చెవిన పడింది. వాళ్లావిడ గౌరవ్వ ఏదో అడుగుతోంది. “ఊరోల్లు అడిగితే కంపెనీ మూతవడ్డదని చెప్పు. ఇట్ల చెయ్యి బాగలేదని పంపిన్రని మాత్రం అనకు” అంటున్నాడు. అతుకు లేని పీటని చేత్తో తడిమి చూసి ఎవరో తెలియని వడ్రంగిని మెచ్చుకున్న మనిషి అండీ. అతని చెయ్యి బాగలేదని కాగితం మీద రాసినవాణ్ణి నేను. అక్కడి నుంచి దొంగలా పక్కకి తప్పుకున్నాను.

ఇప్పుడు పెద్దతల్లి సంగతి. ఫారం మీద సంతకం పెట్టి వచ్చిన రోజు రాత్రి అన్నం వడ్డిస్తూ కృపావతి అడిగింది, “చెయ్యమన్నది మీరైతే అతని పేరెందుకు రాశారండీ?” అని. అది నీకు అర్థం కాదులే, ఆఫీసు వ్యవహారం అన్నాను. అది మొదటిసారి. పది రోజుల కిందట సామాన్లు సర్దుతూ అడిగింది, “అన్నీ సర్దేశాను. ఈ అబద్ధం ఏ పెట్టెలో పెట్టమంటారు? విమానంవాళ్లు ఊరుకునేలా లేరు” అని. నవ్వేసి ఊరుకున్నాను. అది రెండోసారి. ఇవాళ పొద్దున్న చర్చి బయట కారు పార్కింగ్‌లో మూడోసారి. “ఇవాళ మీ సభలో మీరు చెప్తే సరే. చెప్పకపోతే కుటుంబ సభ్యుల తరపున రెండు మాటలు అని నన్నూ పిలుస్తారు కదా, అప్పుడు నేను చెప్తాను. ఆ పుణ్యాత్ములు ఎవరికి శాలువా కప్పుతున్నారో తెలుసుకుని కప్పాలి కదండీ” అంది. చర్చి లోపల పాస్టరు గారు ఇరవై ఐదు నిమిషాలు వాక్యం చెప్పారు (నవ్వులు), బయట ఈమె చెప్పిన ఆ ఒక్క వాక్యంలో నాకు హోదెనోషోనీ రాజ్యాంగం మొత్తం అర్థమైంది. బోర్డు మీద నూట ఇరవై మాటల్లో రాసినప్పుడు ఇంత బాగా అర్థం కాలేదు.

కాబట్టి మిత్రులారా, ఇక్కడున్న మూడు వందలమందీ వినండి. పూసల పట్టీని ఆయన మెడలో వెయ్యమన్నది నేను. భూమయ్య కాదు. అజాగ్రత్త నాది. ఫారంలో రాసింది అబద్ధం, అది తెలిసే రాశాను. రెండు నెలల్లో రిటైరవుతున్నాను, ఈ వయసులో నా పేరు మీద మచ్చ ఎందుకని రాశాను. మరి అతని పేరు మీద అయితే పరవాలేదా అని అప్పుడు అనుకోలేదు. అనుకోలేదని కూడా అనకూడదు, అనుకుని పక్కన పెట్టాను. ఇదిగో ఇదంతా నా చేత్తో రాసిన కాగితం, సంతకంతో సహా. ఖమరుద్దీన్ సాబ్, పుచ్చుకోండి.

(ఖమరుద్దీన్ గారు కాగితం అందుకుని, కూర్చున్నచోటి నుంచే, “యెహెజ్కేల్ భాయ్, ఇది ఆఫీసుల మాట్లాడుకునే ముచ్చట. గిక్కడెందుకు?” అన్నారు.)

ఆఫీసులో ఒకసారి మాట్లాడాను కదా సాబ్. అక్కడ నేను ఎలా మాట్లాడతానో మీరు చూశారు. ఇక్కడైతే విన్నవాళ్లున్నారు. రేపు నేను మాట మార్చాలన్నా ఇంతమంది దగ్గర మార్చాలి.

(ఖమరుద్దీన్ గారు కాగితం రెండోసారి చదివారు. “సరే. ఆదివారం పొద్దుగాల్ల ఆఫీసుకు రా. ఫారంల గడి లేకుంటే వెనుక దిక్కు రాద్దాం. ఆయన టికెట్ సంగతి గప్పుడే జూస్త. గని నేను జవాబు చెప్పేటోల్లు నాకూ పైన ఉన్నరు, అది యాదుంచుకో” అన్నారు. చప్పట్లు)

చప్పట్లు ఆదివారం కొట్టండి, ఇంకా ఏమీ కాలేదు. ఆదివారం సాయంత్రమే నా విమానం కూడా. నేను ఎక్కి వెళ్లిపోతే ఈ కాగితానికి వెనకాల మనిషి ఉండడు. అందుకని పొద్దున్న పార్కింగ్‌లోంచే ఫోన్ చేసి నా టికెట్టూ మా ఆవిడ టికెట్టూ ఆపించేశాను. భూమయ్య విషయం తేలేదాకా మేం కదలం. మీరు ఇంత ఖర్చుపెట్టి, ఇంత అందంగా వీడ్కోలు ఇచ్చారు, ఇచ్చాక మనిషి వెళ్లకపోవటం మర్యాద కాదని నాకు తెలుసు. సంజీవ్ గారూ, కంగారు పడకండి, మీకు పోటీగా మాత్రం నిలబడను. (నవ్వులు)

భూమయ్యా, ఎక్కడున్నావు? ఈ వేదికకి వెనకున్న చెక్క పని అంతా నిన్నంతా కష్టపడి చేసింది అతనే, మీకెవరికీ చెప్పలేదు. ఒకసారి ఇలా రా. నీ మాట ఎవరూ అడగలేదు ఇన్నాళ్లూ. మైకు తీసుకో.

(భూమయ్య వెనక వరసల్లోంచి వచ్చి, చేతులు తుడుచుకుని మైకు అందుకున్నారు.)

“అందరికి నమస్తే. నాకు గిట్ల మాట్లాడుడు రాదు. సార్ చెప్పింది కరెక్టే. గని ఒకటి ఇడిసిపెట్టిండు. నేను వద్దన్న. రెండుసార్లన్న. ఆమె బాధవడ్తది సార్, మెడల ఎయ్యొద్దు అన్న. నిన్నెవ్వలడిగిన్రు, చెప్పింది చెయ్యి అన్నడు. గప్పుడు ఏసిన. రాసేటప్పుడు గదిగూడ రాయిన్రి. గంతే.”

(భూమయ్య మైకు తిరిగి ఇచ్చారు.)

నిజం. అలాగే అన్నాడు, నేను అలాగే అన్నాను.

ఇంతసేపు మాట్లాడాను. తప్పంతా ఒప్పేసుకున్నాననీ, ఎంత ధైర్యస్థుణ్ణో అనీ లోపల్లోపల కొంచెం పొంగిపోతూ కూడా ఉన్నాను. ఈ ఒక్క ముక్క మాత్రం మింగేశాను, మరిచిపోయి కాదు. యెహెజ్కేలు తెలియక చేశాడంటే మీరు జాలిపడతారు. వద్దు సార్ అని ఒక మనిషి రెండుసార్లు చెప్తే నోరు మూయించి మరీ చేయించాడంటే, జాలిపడటానికి ఏమీ మిగలదు. అది నాకు తెలుసు. తెలిసే, ఆ కాగితంలో కూడా రాయలేదు. కృపావతికి కూడా చెప్పలేదు. ఆమె మొహం ఇప్పుడు చూడలేకపోతున్నాను.

ఖమరుద్దీన్ సాబ్, ఆ కాగితం ఒకసారి ఇటివ్వండి. పెన్ను కూడా.

(రాశారు. రాసిన వాక్యాన్ని పైకి చదివారు: “భూమయ్య గారు వద్దని రెండుసార్లు చెప్పారు. నేను వినలేదు.” కాగితం తిరిగి ఇచ్చారు.)

ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ, ఈ సభ పెట్టినందుకు మిత్రమండలికి, మూడుసార్లు చెప్పినందుకు మా ఆవిడకి నా ధన్యవాదాలు. సెలవు మాత్రం మిమ్మల్ని అడగటం లేదు, భూమయ్య గారిని అడుగుతున్నాను. ఆయన ఎప్పుడిస్తే అప్పుడే నాకు సెలవు.